ఊట చూసి మోట కట్టాలి

ఈ వారం ఉత్తరాలలో పల్నాడు జిల్లా ఎడ్లపాడు నుంచి ఒక తల్లి రాసినది ఉంది. ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. చేతిపని నేర్చిన కొడుకులున్న ప్రతి ఇంటికీ ఏదో ఒక రూపంలో వచ్చేదే. అందుచేత ఈసారి పేజీ అంతా దీనికే ఇస్తున్నాను. మిగిలిన ఉత్తరాలవారు మన్నించాలి.

ఆమె రెండో కొడుకు ఐ.టి.ఐ. చదివాడు. రెండేళ్ళు ఒక అద్దాల దుకాణంలో పనిచేసి ఇంటికి వచ్చేశాడు. పూజగది తలుపు అద్దాల మీద శంఖుచక్రాలు, కలశాలు, వాకిట్లో పెట్టుకునే పేరు పలకలు గాలిపోటుతో చెక్కే పెట్టె ఒకటి ఇంట్లోనే పెట్టుకుంటానంటున్నాడు. దానికి గాలి అందించే కంప్రెసరు కావాలి. దుకాణదారు "2 హార్సుపవరు మోటారు, 160 లీటర్ల ట్యాంకు. అద్దాలేమిటి, లారీ చక్రాల తుప్పు కూడా వదలగొట్టుకోవచ్చు" అన్నాడట. తండ్రిగారు మాత్రం, "చుట్టూ ఇన్ని నూలు మిల్లులుండగా ఈ బుడగల బేరం ఎందుకు?" అని మాట్లాడడం మానేశారు. అమ్మాయి పెళ్ళికని కట్టిన చీటీ లక్ష రూపాయలు తల్లి చేతిలో ఉన్నాయి. ఆమె మూడు ప్రశ్నలు అడిగారు. ఆ కంప్రెసరు సరిపోతుందా? ఏటి ఇసుక జల్లెడ పట్టుకుంటే దినుసు ఖర్చే ఉండదంటున్నాడు, నిజమేనా? వెనక వసారాలో పెట్టుకోవచ్చా? పక్కనే వంటిల్లు, ఆ పక్క గదిలో ఆయాసంతో బాధపడే అత్తగారు.

అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. తక్కిన రెండూ డబ్బుకు సంబంధించినవి. ఇది ప్రాణానికి సంబంధించినది.

ఏటి ఇసుక వద్దు. జల్లెడ పట్టినా వద్దు, కడిగి ఎండబెట్టినా వద్దు, ఉచితంగా వచ్చినా వద్దు. ఈ పనికి శాండ్ బ్లాస్టింగు అని పేరున్న మాట నిజమే. బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ అనే అమెరికా ఆయన 1870లో దీనికి పేటెంటు తీసుకున్ననాడు వాడినదీ ఇసుకే. కాని ఆ ఇసుకే తరవాత ఎందరినో పొట్టన పెట్టుకున్నది. ఏటి ఇసుకలో అధిక భాగం పలుగురాయి, అంటే స్ఫటిక రూపంలో ఉన్న సిలికా. గాలివేగంతో వెళ్ళి అద్దాన్ని కొట్టినప్పుడు ఆ రేణువు పగిలి, కంటికి కనబడనంత సన్నని ధూళి అవుతుంది. మన తల వెంట్రుక మందం 70 మైక్రానులనుకుంటే, ఆ ధూళి కణం 10 మైక్రానులకన్న తక్కువ. ముక్కు ఆపలేదు, దగ్గు తేలేదు. ఊపిరితిత్తుల అడుగుకు పోయి అక్కడ గాయం చేసి కూర్చుంటుంది. దాని పేరే సిలికోసిస్. వచ్చిన తరవాత నయం చేసే మందు లేదు. క్షయకు కూడా అది దారి తీస్తుంది.

మనం అక్షరాలు దిద్దిన బలపం గుర్తుందా? మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో ఆ పలకబలపాలను కోసే కార్ఖానాలలో పనిచేసినవారు ఈ జబ్బుతోనే చిన్న వయసులో రాలిపోయారు. బ్రిటన్‌లో 1949 నాటి నిబంధనలతో పోత వస్తువులను ఇసుకతో కొట్టి శుభ్రం చేయడం నిషేధించారు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. టర్కీలో జీను లాగులకు వెలిసిన రంగు తెప్పించడానికి ఇసుక కొట్టిన కుర్రవాళ్ళు కొద్ది ఏళ్ళలోనే ఊపిరాడని రోగులయ్యారు. 2009లో అక్కడ ఆ పని నిషేధించారు. వారంతా మీ అబ్బాయి ఈడువారే.

మరి ఏమి వాడాలి? అద్దానికి సన్నరకం అల్యూమినియం ఆక్సైడు వాడతారు. గార్నెట్ అనే ఎర్రని రాతిపొడి ఉంది. మన విశాఖ, శ్రీకాకుళం తీరాల ఇసుకలో దొరికే ఖనిజమే అది. లోహాన్ని నునుపు చేయడానికి గాజుపూసల పొడి ఉంది. పెట్టెలో అడుగున పడినదాన్ని జల్లించి మళ్ళీ వాడుకోవచ్చు కాబట్టి, కొన్నప్పుడు కష్టమనిపించినా గిట్టుబాటవుతుంది. ఒక్క హెచ్చరిక. మామూలు గ్రానైటు పలక మీద పేరు చెక్కితే, దినుసు ఎంత మంచిదైనా ఆ రాయిలోనే పలుగు ఉన్నది కనుక ధూళిలో సిలికా వస్తుంది. అద్దంలోని సిలికా స్ఫటిక రూపంలో ఉండదు. దాని అపాయం తక్కువే. అయినా పీల్చవలసిన వస్తువు మాత్రం కాదు.

ఇక కంప్రెసరు సంగతి.

దుకాణదారు చెప్పిన రెండు అంకెలూ నిజమే కావచ్చు. కాని మీకు కావలసిన అంకె ఆ రెంటిలోనూ లేదు. హార్సుపవరు అనేది గుర్రం ఎంత మేత మేస్తుందో చెబుతుంది, రోజుకు ఎన్ని మైళ్ళు నడుస్తుందో చెప్పదు. ట్యాంకు లీటర్లు గాదె ఎంత పెద్దదో చెబుతాయి, పంట ఎంతో చెప్పవు. మీరు అడగవలసినది, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలిని, ఎంత పీడనం వద్ద ఇస్తుంది అని. దీన్నే దుకాణాలలో సి.ఎఫ్.ఎం. అంటారు. పీడనాన్ని పి.ఎస్.ఐ. అంటారు. కొందరు లీటర్లలో చెబుతారు. ఒక ఘనపుటడుగు అంటే 28.3 లీటర్లు.

ఇందులోనూ ఒక కిటుకు ఉంది. రేకు మీద పెద్దగా చెక్కి ఉండే అంకె తరచు పిస్టను ఒక నిమిషంలో ఊడ్చే చోటు ఎంతో చెప్పేది. నిజంగా బయటికి వచ్చే గాలి అందులో 60 నుంచి 75 పాళ్ళు మాత్రమే. దానికి 'ఫ్రీ ఎయిర్ డెలివరీ' అని పేరు. మీ అబ్బాయి ఆ అంకె అడగాలి. మంచి స్థితిలో ఉన్న 2 హార్సుపవరు కంప్రెసరు నిమిషానికి సుమారు 6 ఘనపుటడుగులు ఇస్తుంది. హార్సుపవరుకు 4కు మించి ఇస్తుందని ఎవరన్నా చెబితే, ఇంకోసారి అడగండి.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. పెట్టెలో ఉండే గన్నులో గాలి దూరే లోపలి రంధ్రం ఎంత పెద్దదో దాన్నిబట్టి గాలి ఖర్చవుతుంది. ఇసుక పీల్చుకునే రకం గన్నుకు బయట కనిపించే పింగాణీ నాజిలు ఒకటి, లోపల గాలి జెట్టు ఒకటి ఉంటాయి. లెక్కకు వచ్చేది లోపలిది. మన వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు కదా, ఆ కొలతలోనే చెబుతాను. ఒక నూలు రంధ్రానికి 80 పి.ఎస్.ఐ. పీడనంలో నిమిషానికి సుమారు 17 ఘనపుటడుగులు కావాలి. నూలున్నర రంధ్రానికి 38. రంధ్రం అడ్డుకొలత రెట్టింపయితే గాలి రెట్టింపు కాదు, నాలుగింతలు. దోసె పెనం ఒక జాన నుంచి రెండు జానలయితే పిండి ఎంత పడుతుందో మీకు నేను చెప్పాలా!

కాబట్టి లారీ చక్రం తుప్పు వదలగొట్టాలంటే 17 కావాలి, మీ యంత్రం ఇచ్చేది 6. "ట్యాంకు ఉందిగా!" అంటారు. ఆ ట్యాంకు లెక్క కూడా వేద్దాం. 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించిన సూత్రం చాలు. ట్యాంకు 120 పి.ఎస్.ఐ. వరకు నిండి, పని చేస్తుండగా 80కి దిగిందనుకోండి. తేడా 40. మన చుట్టూ ఉండే గాలి పీడనం 14.7. 40ని దానితో భాగిస్తే 2.7. దాన్ని 160 లీటర్లతో హెచ్చిస్తే సుమారు 435 లీటర్లు, అంటే 15.4 ఘనపుటడుగులు. ట్యాంకు మీకు ఇచ్చే అప్పు అంతే. నిమిషానికి 11 లోటు ఉన్నది కనుక ఆ అప్పు 84 సెకండ్లలో అయిపోతుంది. తిరిగి నిండడానికి 2 నిమిషాల 34 సెకండ్లు. ఒకటిన్నర నిమిషం పని, రెండున్నర నిమిషాలు ఎదురుచూపు. మోటారుకు మాత్రం ఆ ఎదురుచూపులోనూ విశ్రాంతి లేదు. రెంటచింతల ఎండలు కాసే జిల్లాలో, వైశాఖ మాసంలో అది ఎన్నాళ్ళు బతుకుతుంది?

పాతకాలపు రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. బావి ఊట చూసి మోట కట్టేవాడు. ఊట చాలని బావికి పెద్ద బాన కడితే మొదటి గంటలోనే అడుగు తేలుతుంది. బావిని వెడల్పు చేసినా ఊట పెరగదు. ఇక్కడ కంప్రెసరు ఊట, ట్యాంకు బావి వెడల్పు, నాజిలు మోట బాన.

అయితే ఇందులో మీకు మంచి వార్త కూడా ఉంది. అద్దం మీద మంచు పట్టినట్టు తెల్లగా చేయడానికి 80 పి.ఎస్.ఐ. అక్కరలేదు, 40 చాలు. జెట్టు కూడా ముప్పాతిక నూలుది పెట్టుకుంటే, 80 వద్ద 17కు బదులు 9.6 పడుతుంది. పీడనం 40కి తగ్గిస్తే 5.5 మాత్రమే. మీ యంత్రం ఊట 6. సరిగ్గా సరిపోయింది! సరిపోవడం వేరు, సుఖంగా ఉండడం వేరు. రోజంతా పనికి లెక్కకన్న 30 పాళ్ళు ఎక్కువ ఉండాలి. అంటే 7 పైచిలుకు. 3 హార్సుపవరుది అయితే ఆ సుఖం ఉంటుంది. 2 హార్సుపవరుదయితే, అద్దాల పనిలో స్టిక్కరు అంటించుకోవడానికి, తుడిచి చూసుకోవడానికి ఎలాగూ మధ్యమధ్య ఆగుతారు కనుక, ఆ విరామాలలో మోటారు తేరుకుంటుంది.

ఏతావాతా, ఆ యంత్రం అద్దాలకు చాలుతుంది, లారీ చక్రాలకు చాలదు. రెండూ చేయవచ్చునన్న మాట నమ్మి డబ్బు కట్టవద్దు.

నాజిలు అరగడం కూడా మరిచిపోకండి. దినుసును కూడా పీడనంతోనే తోసే రకం పెట్టెలో, ఒక నూలు నాజిలు అరిగి నూలున్నర అయితే, అదే కంప్రెసరు మీద అకస్మాత్తుగా 17కు బదులు 38 భారం పడుతుంది. "కంప్రెసరు పాడైంది" అని మెకానిక్కును పిలుస్తారు. పాడైనది పది నిమిషాలలో మార్చే నాజిలు. పీల్చుకునే రకంలో గాలి ఖర్చు పెరగదు కాని పీల్చే బలం తగ్గి పని మందగిస్తుంది. అలాగే సన్నని గొట్టం పొడుగ్గా పెడితే గడియారంలో కనిపించే పీడనం గన్ను దాకా రాదు. గొట్టం పొట్టిగా, లావుగా ఉండాలి.

తరవాత నీరు. మన వైపు గాలిలో తడి ఎక్కువ. వానాకాలపు గాలిని నొక్కి చల్లారనిస్తే, ఒక ఘనపు మీటరుకు సుమారు 20 గ్రాముల నీరు విడిపోతుంది. మీ కంప్రెసరు గంటసేపు ఆగకుండా నడిస్తే దాదాపు 200 గ్రాములు, ఒక గ్లాసెడు నీరు. అది గన్నులోకి వచ్చిందంటే దినుసు ఉప్పుడుపిండిలా ముద్దకట్టి గొట్టం మూసుకుంటుంది. అందుకని ట్యాంకు అడుగు కుళాయి రోజూ విప్పాలి. నీటిని వేరుచేసే గిన్నెను కంప్రెసరుకు ఆనించి కాక, గాలి చల్లబడిన తరవాత, పెట్టె దగ్గర బిగించాలి. రోజూ నీరు తీయని ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ట్యాంకు పేలే వస్తువు. సెకండుహాండుది చవకగా వచ్చిందని, అతుకు వేసిన ట్యాంకు ఇంట్లోకి రానివ్వవద్దు. సేఫ్టీ వాల్వు పనిచేస్తున్నదో లేదో కొనే రోజునే చూడాలి.

ఇక మూడో ప్రశ్న. వెనక వసారా ససేమిరా వద్దు. వంటింటి గాలి, అత్తగారి ఊపిరి, ఈ ధూళి ఒక కప్పు కింద ఉండకూడదు. పెరటి చివర రేకుల పాక వేసుకోమనండి. పెట్టెకు ధూళి లాగే యంత్రం, దానికి సన్నని వడపోత తప్పనిసరి. ఇల్లు ఊడ్చే మామూలు వాక్యూము పెడితే, ముతక దుమ్ము ఆపి అసలు ప్రమాదమైన సన్నదుమ్మును వెనకనుంచి వదిలేస్తుంది. తలుపు రబ్బరు, చేతి తొడుగులు చిరిగితే అప్పుడే మార్చాలి. పని కాగానే తలుపు తీయకుండా, లోపలి దుమ్ము అణిగేదాకా ఆగాలి. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు ధూళికి అడ్డం కాదు. ఎన్-95 ముసుగు ఉండాలి. అదీ పెట్టె, వడపోతలకు తోడుగానే, వాటికి బదులుగా కాదు. కంప్రెసరును ఆ ధూళికి దూరంగా, శుభ్రమైన గాలి పీల్చేచోట పెట్టాలి. దాని మోతకు ఇరుగుపొరుగులు ఏమంటారో కూడా ముందే ఆలోచించుకోవాలి. పెట్టెకు ఎర్తు తీగ ఉండాలి. లేకపోతే దినుసు రాపిడికి కరెంటు పుట్టి చేతికి చురుక్కుమంటుంది.

కరెంటు ఆఫీసుకు కూడా ఒకసారి వెళ్ళి రమ్మనండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్న ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపకూడదు, విభాగం మార్పించుకోవాలి. 3 హార్సుపవరు కావాలంటే త్రీఫేజు వస్తుందా, ఎంతవుతుంది అన్నది యంత్రం కొనకముందే తెలియాలి, కొన్న తరవాత కాదు.

పెట్టె కొలత మరొకటి. మూడడుగుల పెట్టెలో ఆరడుగుల తలుపు అద్దం పట్టదు. పక్కల చీలిక ఉండి, కుంచెల మధ్యనుంచి అద్దం జరిపే రకం ఉన్నది. లేకపోతే ఏమవుతుందో తెలుసా? మొదటి పెద్ద బేరం రాగానే, "ఈ ఒక్కటి బయట కొట్టేస్తాను" అంటాడు. ఆ ఒక్కటీ పది అవుతుంది. ఇంకొక సంగతి. టఫెన్ చేసిన అద్దాన్ని లోతుగా చెక్కితే చెక్కతుండగానే ముక్కలవుతుంది. ముందు చెక్కించి తరవాత టఫెన్ చేయించాలి. పగిలిన అద్దం ఖరీదు ఎవరిదన్న తగువు తరవాత పడడంకన్న, అద్దం తెచ్చినవారిని ముందే అడగడం మర్యాద.

మీవారి మాట కూడా తీసివేయతగ్గది కాదు. నెలజీతం నెలజీతమే. కాని ఆయన భయం పనిని గురించి కాదు, లెక్కలేని పనిని గురించి. లెక్క చూపిస్తే ఆయనే ముందుకు వస్తారేమో. అందుకని లక్ష రూపాయలూ కంప్రెసరు మీద పోయనివ్వకండి. పెట్టె, ధూళి యంత్రం, నీటి గిన్నె, దినుసు, పాక, తీగలు, వీటన్నిటి ధరలు ఒక కాగితం మీద రాయమనండి. మొత్తం చీటీ సొమ్ములో సగం దాటిందంటే, ముందు ఆ పాత అద్దాల దుకాణాన్నే అడిగి గంటల లెక్కన వారి పెట్టె అద్దెకు తీసుకుని, బేరాలు వస్తాయో రావో ఆరు నెలలు చూసుకోవచ్చు. బేరం ఆగుతుంది, అమ్మాయి పెళ్ళి ఆగదు.

ఇక కొనే రోజున చేయవలసిన పరీక్ష ఒకటి చెప్పి ముగిస్తాను. దీనికి చదువు అక్కరలేదు, సెకండ్ల ముల్లు ఉన్న గడియారం చాలు. దుకాణంలోనే యంత్రం నడిపించి, కుళాయిలన్నీ మూసి, పీడనం 80 నుంచి 120కి ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. 160 లీటర్ల ట్యాంకు 2 నిమిషాల 34 సెకండ్లలో ఎక్కితే నిమిషానికి 6 ఘనపుటడుగులన్న మాట నిజం. నాలుగు నిమిషాలు పట్టిందా, అది నాలుగైనా ఇవ్వని యంత్రం. రేకు మీద ఏమి చెక్కి ఉన్నా సరే, దణ్ణం పెట్టి బయటికి రండి. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణం నుంచి గడియారం చూడకుండానే రావచ్చు.

గడియారం మీవారి చేతికి ఇచ్చి, ఆయననే చూడమనండి.